పాలగదిలో నోరు మూసుకుని

దగ్గొస్తోంది. ఇన్నాళ్లూ లేని దగ్గు ఇప్పుడే తగలడాలా అని మనసులోనే తిట్టుకుని శాలువా అంచు నోట్లో కుక్కుకున్నాను. గంటసేపు నేను మాట్లాడకూడదు, దగ్గకూడదు, తలుపు దాటకూడదు, కిటికీ దగ్గరికి పోకూడదు. ఏనుగుల డాక్టరమ్మ ఈ నాలుగూ చెప్తుంటే కాపరి కుర్రాడు పొడుగు పక్కనే నిలబడి కిసుక్కున నవ్వాడు. "మిగతా మూడూ పర్లేదు డాక్టరుగారూ, ఆ మొదటిది మాత్రం అమ్మమ్మ వల్ల కాదు. నిద్దట్లో కూడా ఎవరితోనో వాదిస్తూనే ఉంటుంది" అన్నాడు. ఇంకో రోజైతే వాడికి అక్కడికక్కడే నాలుగు వడ్డించేదాన్ని. తలుపు చట్రానికి తల కొట్టుకోకుండా ఒక్క రోజైనా లోపలికి వచ్చావట్రా పొడుగూ, ముందు నీ సంగతి చూసుకో అనేదాన్ని. తప్పు చేసిన నోరు ఇవాళ ఏ ముఖంతో లేస్తుంది?

కూర్చున్నది పాలపొడి డబ్బా మీద. పక్కన బల్ల, బల్ల మీద పెద్ద గిన్నెలు, రబ్బరు తొడుగులున్న సీసాలు బోర్లించి వరసగా. ఇవేవీ నాకు సరిగ్గా కనబడటం లేదు. కుడి కంటికి ఆపరేషన్ చేసి ఆకుపచ్చ గుడ్డ కట్టారు, ఎడమ కంటికి ఇంకా పొర ఉంది. గోడ గడియారం నాకు తెల్ల పళ్లెంలా ఉందంతే, ముళ్లెక్కడున్నాయో దేవుడికెరుక. కనబడకపోతేనేం, పన్నెండేళ్లుగా ఈ గదిలోనే పాలు కలుపుతున్నాను, కళ్లు మూసుకున్నా చెంచా ఎక్కడుందో చెయ్యి చెప్తుంది. ఏనుగు పిల్లలకి ఆవుపాలు పడవు, కడుపు చెడి రెండు రోజుల్లో పోతాయి. పొడిపాలు, ఓట్స్ గంజి, కొబ్బరినూనె, ఒక్కో పిల్లకి ఒక్కో లెక్క, చల్లారితే ముట్టవు, కాలితే మూతి తిప్పుకుంటాయి, అంచేత మోచేతి మడతలో ఒక చుక్క వేసుకుని చూడాలి. నా పిల్లకి చూసినట్టే. ఇక్కడ పదకొండు పిల్లలున్నాయి, ఒక్కదానికీ తల్లి లేదు. తల్లి ఉంటే ఇక్కడికెందుకొస్తాయి.

ఈ గోడకి అవతల ఉన్నది పిడత. ఏడు నెలలది. కడుపు చిన్న మట్టిపిడతలా గుండ్రంగా ఉందని నేనే పెట్టాను ఆ పేరు. ఇప్పుడు ఆ కడుపు లోపలికి పోయిందట, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చట. నేను చూడలేదు, చూడనివ్వలేదు. నేను ఆపరేషన్‌కని ఊరెళ్లి ఏడు రోజులైంది. రెండో రోజు సగం సీసా తాగింది, నాలుగో రోజుకి పావు, మొన్నటి నుంచి చుక్క ముట్టలేదు. చెవి వెనక నరానికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తున్నారు. పొద్దున డాక్టరమ్మ తన గదిలో కూర్చోబెట్టి అంది, "ఇవాళ కూడా తాగకపోతే రేపు లేచి నిలబడలేదు అమ్మమ్మా." చిన్నగా అంది, వాతావరణం సంగతి చెప్పినట్టు. గట్టిగా అరిచినా బాగుండేది.

అరవాల్సిన పనే చేశాను మరి. ఇక్కడ ఒక నియమం ఉంది. ఏ కాపరీ ఒకే పిల్లకి వరసగా రెండు పూటలు పాలు పట్టకూడదు, పక్కన పడుకోకూడదు. ఈ గది గోడకి నల్లబల్ల కట్టి ఉంటుంది, అడ్డంగా కాపరుల పేర్లు, నిలువుగా పిల్లల పేర్లు, ఎవరు ఏ పూట దేనికి పట్టారో సుద్దముక్కతో టిక్కు పెట్టాలి. ఎందుకంటే ఏనుగు పిల్ల మనసు ఒక్కరి మీద పడిందంటే ఇక అంతే. ఆ ఒక్కరూ జ్వరమొచ్చి పడుకున్నా, చెల్లెలి పెళ్లికని వెళ్లినా, ఇది అమ్మ మళ్లీ చచ్చిపోయిందనుకుంటుంది. ఒకసారి చచ్చిన అమ్మని తట్టుకుంటుందేమోగాని రెండోసారి తట్టుకోలేదు. నేను రాకముందు నిజంగానే అలా జరిగింది. ఒకాయన నాలుగు రోజులు సెలవు మీద వెళ్లి వచ్చేసరికి పిల్ల లేదు. ఆయన సంచీ కూడా లోపల పెట్టకుండా గేటు దగ్గర నుంచే వెనక్కి వెళ్లిపోయాడట. ఈ కథ కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెప్పేది ఎవరనుకున్నారు? నేనే. టీ గ్లాసు చేతికిచ్చి, బల్ల ముందు కూర్చోబెట్టి, కళ్లు పెద్దవి చేసి మరీ చెప్తాను. చెప్పేవాళ్లకి చెవులుండవని మా అమ్మ ఊరికే అనలేదు.

డాక్టరమ్మ తలుపు సందులోంచి చూస్తోంది. నా ముఖం దగ్గరికి వచ్చి ఐదు వేళ్లు చూపించింది. ఐదు నిమిషాలే గడిచాయన్నమాట. నాకు ఐదేళ్లు గడిచినట్టుంది.

ఒప్పందం ఇది. మేం కండక్టరని పిలిచే కాపరి సీసా పట్టుకుని లోపలికి వెళ్లాడు. పదకొండు నుంచి పన్నెండు దాకా ప్రయత్నిస్తాడు. పన్నెండుకీ తాగకపోతే నేను వెళ్లాలి. నేను వెళితే తాగుతుంది, అందులో అనుమానం లేదు. నా అడుగు చప్పుడు వింటేనే లేస్తుంది. అయితే మరి ఇప్పుడే ఎందుకు వెళ్లకూడదు, పొద్దున నేనూ అదే అడిగాను. అడగడం కాదు, ఏడ్చాను. డాక్టరమ్మ నా చేతులు పట్టుకుని, "వెళ్లండి. తాగుతుంది. ఇంకో పది రోజుల్లో మీ రెండో కన్ను ఆపరేషన్. అప్పుడు? మీకు డెబ్బై రెండు. అది బతికితే డెబ్బై ఏళ్లు బతుకుతుంది. మీరు దానితో ఎన్నేళ్లుంటారు?" అంది. ఏనుగుకి నేను జవాబు చెప్పాలి, దేవుడు నాకు చెప్పాలి. సరేనన్నాను. అందుకే కూర్చున్నాను. నా వాసన తగలకూడదని డాక్టరమ్మ కిటికీలోంచి చిటికెడు పాలపొడి వదిలి గాలి ఎటు పోతోందో చూసింది. పొడి అంతా ఎగిరి వచ్చి నా ఒళ్లో పడింది. గాలి అటు నుంచి ఇటు. పిడత వాసన నాకు వస్తోంది, నా వాసన దానికి పోదు. ఇదేం న్యాయమో గాని.

ఎలా మొదలైందంటే వానల్లో. రైలు పట్టాల పక్కన దొరికింది, తల్లి అక్కడే పడి ఉంది. లారీలో తెచ్చారు, ఒళ్లంతా బురద, వణుకు. ఆ వారం ముగ్గురు కాపరులకి జ్వరాలు. పొడుగు రెండు రాత్రులు నిద్ర లేక నిలబడే తూలుతున్నాడు. "నువ్వెళ్లి కాసేపు నడుం వాల్చరా, ఈ ఒక్క పూట నేను పడతాను" అన్నాను. అంతే. ఈ ఒక్క పూట అన్న మాట ఉందే, తాగుబోతు కూడా అదే అంటాడు, ఈ ఒక్క గ్లాసు అని. రెండు గుంజల మధ్య తాడు కట్టి దాని మీద బూడిదరంగు గొంగళి వేలాడదీస్తాం, కాపరి వెనక నిలబడి గొంగళి కింద నుంచి సీసా మూతి బయటికి పెడతాడు. పిల్ల తొండం ఎత్తి గొంగళికి ఆనించుకుని తాగుతుంది, అమ్మ పొట్ట అనుకుని. ఆ గొంగళి వెనక నిలబడి, ఎవరూ లేరు కదా అని, నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం మాట్లాడానంటే ఏం చెప్పను. మోకాళ్ల నొప్పి సంగతి, మా ఆయన గురక సంగతి, ఆయన పోయాక ఆ గురక లేక మూడు నెలలు నిద్రపట్టని సంగతి, పక్కింటావిడ నా దగ్గర తీసుకుని తిరిగివ్వని ఇత్తడి జల్లెడ సంగతి. అది తాగుతూ చెవులు ఆడించేది. జీవితంలో నా మాట మధ్యలో లేచి వెళ్లిపోని మొదటి ప్రాణి అది. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ మర్నాడూ. తర్వాత అన్ని పూటలూ నేనే. కాపరులకి నేను పుణ్యం కట్టుకున్నట్టే ఉండేది, వాళ్లకి కాస్త విశ్రాంతి. నల్లబల్ల మీద మాత్రం వాళ్ల పేర్ల కిందే టిక్కులు పెట్టాను. పొడుగు పేరు కింద ఒకటి, కండక్టరు పేరు కింద ఒకటి, వరస తప్పకుండా, అందంగా. పెద్దగా చదువు రాని దాన్ని, నా పేరు రాయడానికి ఇప్పటికీ చెమటలు పడతాయి, టిక్కులు మాత్రం పంతులమ్మలా పెట్టాను. ఐదు నెలలు.

అందుకే నేను వెళ్లాక పిడత తాగకపోతే డాక్టరమ్మకి అర్థం కాలేదు. బల్ల చూస్తే అందరూ పట్టినట్టే ఉంది కదా, కొత్త మనిషి అన్న మాటే లేదు కదా. రోగమనుకున్నారు. రక్తం తీశారు, పేడ పరీక్షకి పంపారు, నోరు తెరిచి పళ్లు చూశారు, సూదులు వేశారు. మూడు రోజులు పరీక్షలకే పోయాయి. కాపరులు తెలిసీ నోరు విప్పలేదు, నన్ను ఇరికించడం ఇష్టంలేక. ఆ మూడు రోజులూ నేను మా అమ్మాయి ఇంట్లో కంటికి గుడ్డ కట్టుకుని బత్తాయి రసం తాగుతూ, రేడియోకి జవాబులు చెప్తూ కూర్చున్నాను. పొద్దున గేటు దగ్గర కారు దిగగానే పొడుగు ముఖం కనబడకపోయినా గొంతు విని తెలిసిపోయింది. తిన్నగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లి చెప్పేశాను. టిక్కులన్నీ నావే అని. ఆవిడ లేచి మంచినీళ్లు ఇచ్చింది.

వినబడుతోంది. గడియ తీసిన చప్పుడు, బకెట్ కింద పెట్టిన చప్పుడు. తాడు కిర్రుమంది, గొంగళి వేశాడు. అడుగులు. పిడతవే. మెత్తగా, లాగి లాగి వేస్తోంది, ఇసుక మూట ఈడ్చినట్టు. ఒకప్పుడు ఆ అడుగులు ఎలా ఉండేవి, సీసాల గలగల వినగానే తలుపుకి తల పెట్టి తోసేది, ఓసి రాకాసీ ఆగవే అంటే ఆగేది కాదు. అడుగులు ఆగాయి. ఊపిరి. పెద్ద ఊపిరి ఒకటి, తొండంలోంచి, గొంగళిని వాసన చూస్తోంది. తాగు తల్లీ. తాగవే. మూతి పెట్టు. లేదు. అడుగులు వెనక్కి. గోడకి ఒళ్లు రాసుకున్న చప్పుడు, ఈ గోడకే, నా వీపుకి అటు పక్కనే. ఒక్క ఇటుక మందం ఉంటుంది మా ఇద్దరి మధ్య. వీపు గోడకి ఆనించుకోబోయి ఆగిపోయాను. అది కూడా మోసమే అవుతుంది.

డాక్టరమ్మ వేళ్లు: రెండు చేతులూ రెండుసార్లు. ఇరవై అయింది.

నాకు మా అక్క గుర్తొస్తోంది. ఎందుకు గుర్తొస్తోందో తెలుసు, తెలిసే ఇంతసేపూ పక్కకి నెడుతున్నాను. మా అమ్మాయికి ఏడాదిన్నర వయసప్పుడు నాకు ఊపిరితిత్తుల క్షయ వచ్చి, పిల్లని దగ్గర ఉంచుకోకూడదని, ఆరు నెలలు ఆస్పత్రిలో పెట్టారు. అక్కకి పిల్లల్లేరు. అక్క తీసుకెళ్లింది. ఆరు నెలల తర్వాత నేను ఇంటికొచ్చి చేతులు చాపితే నా బిడ్డ అక్క కాళ్ల వెనక్కి పోయి దాక్కుంది. అక్కనే అమ్మా అంది. నాకు ఒళ్లు మండింది. మండింది అంటే మామూలుగా కాదు. అక్క "రెండు రోజులు నేనూ ఇక్కడే ఉంటానే, మెల్లగా అలవాటవుతుంది" అంది. వద్దన్నాను. నీ పని అయిపోయింది వెళ్లు అన్నాను. ఆ మాటే అన్నాను, అక్షరం మార్చకుండా. పిల్లని లాక్కుని తలుపు వేసుకున్నాను. నాలుగు రోజులు ఏడ్చింది, అన్నం ముట్టలేదు. నాలుగు రోజులూ అక్క పొద్దునా సాయంత్రం వచ్చి మా ప్రహరీ గోడ పక్కన నిలబడేది, లోపలికి రాకుండా, కనబడకుండా, పిల్ల ఏడుపు ఆగిందా, గిన్నె చప్పుడైందా అని వినడానికి. నాకు తెలుసు అది అక్కడుందని. చెప్పుల చప్పుడు తెలియదా నాకు? తెలిసే కిటికీ మూసేశాను. చప్పుడు కూడా వినబడకూడదని మూసేశాను. నలభై ఏడేళ్లయింది. ఐదో రోజు పిల్ల నా చేత్తో తిన్నది, నేను సంతోషంలో అక్కకి చెప్పి పంపడం కూడా మర్చిపోయాను. మర్చిపోలేదు. పంపలేదు.

అక్క బతికే ఉంది. ఎనభై దాటింది, చెవులు పోయాయి, ఫోన్ చేస్తే నేను ఒకటంటే అది ఒకటి వింటుంది. కాళ్లెలా ఉన్నాయక్కా అంటే కాయలు పంపావా అంటుంది. ఇద్దరం నవ్వుకుంటాం. ఈ సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు, అదీ ఎత్తలేదు. గోడ పక్కన నిలబడి వినడం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదు అక్కా. లోపల తినాలి, నా చేత్తో కాకుండా తినాలి, అని కోరుకుంటూ నిలబడటం. నువ్వు నిజంగానే కోరుకున్నావు. నాకిప్పుడు తెలుస్తోంది, ఎందుకంటే నేనూ నిజంగానే కోరుకుంటున్నాను, మనసులో ఓ మూల నేను లేకపోతే తాగదులే అన్న పాడు గర్వం ఒకటి కూర్చుని ఉన్నా సరే. ఆ గర్వాన్ని చెప్పుతో కొట్టాలనిపిస్తోంది. తాగవే తల్లీ. ఎవరి చేత్తోనైనా తాగు. ఆ మొద్దు కండక్టరు చేత్తోనైనా తాగు.

నలభై వేళ్లు.

వింటున్నాను. ఏమీ లేదు. ఈగ ఒకటి సీసాల మీద తిరుగుతోంది, దూరంగా ఎవరో నీళ్లు పంపు కొడుతున్నారు, పిడత ఊపిరి, అంతే. కండక్టరు ఉన్నాడా నిద్రపోయాడా అన్నట్టుంది. ఆయనంతే. ఏభై దాటిన మనిషి, మూడేళ్ల కిందట వచ్చి చేరాడు, అంతకు ముందు సిటీబస్సులో కండక్టరట, అందుకే ఆ పిలుపు. ఎందుకు మానేశావయ్యా అంటే నవ్వి ఊరుకుంటాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే పండగ. పైగా డాక్టరమ్మ కూడా చెప్పింది, పిల్ల బెదిరి ఉంది, చప్పుడు చేయకండి, ఎవ్వరూ గట్టిగా మాట్లాడకండి అని. ఈ వారం రోజులూ అందరూ పిల్లి అడుగులతో వెళ్లి, ఊపిరి బిగబట్టి సీసా పట్టి, పిల్లి అడుగులతో వచ్చేశారట. ఎంత జాగ్రత్త. ఎంత నిశ్శబ్దం. చావు ఇంట్లో ఉన్నంత.

అప్పుడు తట్టింది నాకు. డబ్బా మీద నుంచి ఒక్క ఉదుటున లేచాను, మోకాలు టకీమంది. ఐదు నెలల్లో ఆ పిల్ల ఒక్క చుక్క కూడా నిశ్శబ్దంలో తాగలేదు. ఒక్క గుటక కూడా. నేను మాట్లాడుతుంటేనే తాగేది. నేను సీసా మార్చడానికి ఆగితే అదీ ఆగి, తొండంతో గొంగళిని ఓసారి తోసేది, ఊఁ తర్వాత అన్నట్టు. తాగడమంటే దానికి అదే, గొంగళి వెనక నుంచి ఎవరో ఒకరు వాగుతూ ఉండటం. వాగడం ఆగిందంటే పాలు అయిపోయాయని. వీళ్లు సీసా పెట్టకముందే పాలు అయిపోయాయని చెప్తున్నారు దానికి!

చెప్పాలంటే నోరు విప్పకూడదు. డాక్టరమ్మ చెయ్యి లాగాను, నోటి దగ్గర వేళ్లు ఆడించి చూపించాను, ఆవిడకి నాకేదో దాహమేస్తోందని అర్థమై గ్లాసు అందించింది. తల కొట్టుకున్నాను. నల్లబల్ల దగ్గరికి తడుముకుంటూ వెళ్లి, సుద్దముక్క దొరికించుకుని, శాలువాతో టిక్కులన్నీ ఒక్క తుడుపు తుడిచేసి రాయడం మొదలుపెట్టాను. అక్షరాలు నాకెప్పుడూ ఎదురు తిరుగుతాయి. మీద మీద పడ్డాయో, గోడ దిగిపోయాయో నాకు కనబడలేదు. డాక్టరమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుని, గుసగుసగా చదివింది: మాట్లాడుతూ పట్టమనండి. ఆ తర్వాత చెప్పులు విప్పేసి, వట్టి కాళ్లతో పరిగెత్తింది. డాక్టరు చదువు చదివిన మనిషి అలా పరిగెత్తడం నేనెప్పుడూ వినలేదు.

గోడ అవతల గుసగుసలు. పొడుగు గొంతు. కాసేపటికి కండక్టరు గొంతు, బొంగురుగా, "ఏం మాట్లాడాలి?"

"ఏదో ఒకటి మాట్లాడవయ్యా బాబూ," పొడుగు గుసగుసగానే అరిచాడు, "నీకు పుణ్యముంటుంది!"

"నాకేం రావు."

ఓరి నీ! ఏభై ఏళ్ల మనిషికి మాటలు రావా! నాకు గోడ పగలగొట్టుకుని వెళ్లి రెండు అప్పివ్వాలనిపించింది, నా దగ్గర బోలెడున్నాయి, ముసలితనంలో ఏం చేసుకుంటాను. శాలువా మొత్తం నోట్లోకి పోయింది. నిశ్శబ్దం. ఈగ. తర్వాత కండక్టరు ఓసారి గొంతు సవరించుకున్నాడు.

"ఆస్పత్రి," అన్నాడు.

ఏమిటీ?

"ఆస్పత్రి... ఆస్పత్రి దిగేవాళ్లు ముందుకు రండి. ఆస్పత్రి తర్వాత పోస్టాఫీసు. పోస్టాఫీసు దిగాలమ్మా, జరగండి జరగండి. మంచాల దుకాణం. పాత వంతెన. వంతెన మీద ఆగదు, దాటాకే. మార్కెట్టు. మార్కెట్టు బుట్టలు దారికి అడ్డం పెట్టకండి, అయ్యా మిమ్మల్నే. నీళ్ల ట్యాంకు..."

గొంతు మొదట వణికింది, తర్వాత దారి పట్టింది. బస్సు గొంతు ఎలా ఉంటుందో అలాగే, పైకీ కిందకీ లేకుండా, సాగదీస్తూ. ఆ బస్సు నేనూ ఎక్కిందే, ఆ స్టాపులన్నీ నాకూ తెలుసు. గోడకి ఆనుకున్న ఒళ్లు కదిలింది. అడుగులు. ఒకటి. రెండు. ఆగింది. "నీళ్ల ట్యాంకు దిగేవాళ్లు అయిపోయారా, రైట్ రైట్." మూడు. నాలుగు. గొంగళి సర్రుమంది. నా గుండె నా చెవిలోనే కొట్టుకుంటోంది, అసలు వినాల్సింది వినబడకుండా. ఆగవే గుండే, ఒక్క నిమిషం.

గుటక.

గుటకే. ఇంకోటి. ఆ తర్వాత ఆ చప్పుడు, నాకు తెలిసిన చప్పుడు, రబ్బరు మూతి నలిగి, సీసాలోకి గాలి బుడబుడమని ఎక్కి, గుటక గుటకా ఒకదాని మీద ఒకటి పడుతూ, పాలు ముక్కులోకి పోతే తుమ్మి మళ్లీ అందుకుంటూ. డాక్టరమ్మ తిరిగి వచ్చి నా పక్కన డబ్బా మీద కూలబడింది. ఒకే డబ్బా మీద ఇద్దరం. ఆవిడ భుజం వణుకుతోంది, ఏడుస్తోందనుకుని చెయ్యి వేశాను, నవ్వుతోంది. నవ్వో ఏడుపో, నాదీ అదే. ఆపరేషన్ చేసిన కంట్లో నీళ్లు రాకూడదన్నారు ఆస్పత్రిలో. వాళ్లకేం తెలుసు. ఒంట్లో పొద్దున్నుంచీ బిగబట్టుకున్నదేదో ముడి వీడి, కాళ్లలోంచి నేలలోకి దిగిపోయినట్టయింది. నేను లేకుండానే తాగింది. నేను లేకుండానే! ఇంత హాయిగా ఉంటుందా, ఒకరికి అక్కర్లేకపోవడం. అక్కా, ఇంత హాయి నీ దగ్గర నుంచి లాగేసుకున్నానే. ఇవాళ ఫోన్ చేస్తాను. వీధంతా వినబడినా సరే, అరిచి చెప్తాను. పిల్ల అన్నం తిన్నదక్కా అని.

మొదటి సీసా అయిపోయింది. పొడుగు రెండోది అందించాడు. బస్సు చివరి స్టాపు చేరి వెనక్కి తిరిగింది. నీళ్ల ట్యాంకు, మార్కెట్టు, పాత వంతెన. వంతెన తర్వాత ఆగాడు. పిడత కూడా ఆగింది. గొంగళిని తోసింది, ఊఁ తర్వాత?

"ఎర్రగోడ బడి," అన్నాడు.

ఇందాక వెళ్లేటప్పుడు ఆ స్టాపు పిలవలేదు. మంచాల దుకాణానికీ వంతెనకీ మధ్యలో ఉంటుంది అది, నాకు తెలుసు, దాటేశాడు. ఇప్పుడు పిలిచి, అదే బస్సు గొంతుతో, పైకీ కిందకీ లేకుండా చెప్తున్నాడు. "ఎర్రగోడ బడి దగ్గర మా ఆవిడ ఎక్కేది. ఆ బళ్లో ఆయాగా చేసేది. పొద్దున దింపేవాణ్ణి, సాయంత్రం ఎక్కించుకునేవాణ్ణి. టిక్కెట్టు కొట్టాల్సిందే అనేది. నేను ఇస్తే చిల్లర సరిచూసుకునేది, అందరి ముందూ. జనం నవ్వేవాళ్లు. తను పోయాక కూడా నేను రెండు నెలలు ఆ బస్సులోనే వెళ్లాను. అన్ని స్టాపులూ పిలిచేవాణ్ణి. అక్కడికొచ్చేసరికి గొంతు లేచేది కాదు. ఒకరోజు ఓ ముసలాయన ఆ స్టాపులో దిగాల్సినవాడు, నేను పిలవక, చివరి దాకా వచ్చేశాడు. నన్నేమీ అనలేదు. మెల్లగా వెనక్కి నడుచుకుంటూ పోయాడు. మర్నాడు టిక్కెట్ల సంచీ ఇచ్చేశాను."

డాక్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుటకలు సాగుతున్నాయి, నెమ్మదిగా, ఎడం ఎడంగా. "తనకి గడ్డకట్టిన నెయ్యి అంటే ఇష్టం," అంటున్నాడు కండక్టరు, "వేలితో తీసుకుని నాకేది, పిల్లల్లాగ. చూశాననుకునేది కాదు. ఇంకా ఏముంది చెప్పడానికి... ఉంది. పాట రాదు తనకి. ఒక్క చరణం వచ్చు ఏదో, అదే పాడేది. గిన్నెలు కడిగేటప్పుడు..."

రెండో సీసా ఖాళీ అయింది. సీసా బకెట్లో పెట్టిన చప్పుడైంది. గడ్డి మీద ఒళ్లు వాలిన చప్పుడు, బరువుగా, తృప్తిగా. కాసేపటికి గోడ అవతల నుంచి సన్నటి గురక మొదలైంది, తొండంలోంచి ఈల వేసినట్టు. పిడత నిద్రపోయింది. కండక్టరు ఇంకా చెప్తూనే ఉన్నాడు.